వాలు జేబు – 9: దిష్టిబొమ్మకు కొత్త కోటు

పోయిన వారం కమాల్ బాషాను జమ్మలమడుగులో, గురప్ప కట్టిస్తున్న కొత్తింటి ముందర, మెడ పైకెత్తి నిలబెట్టి వదిలేశాం. ఆ మెడ ఇంకా కిందికి దిగలేదు. అంత సులువుగా దిగనిచ్చే మనుషులు కారు ఆ ఇంటివాళ్లు.

జ్ఞాపకం చేసుకోవాల్సింది ఎక్కువేం లేదు. ప్రొద్దుటూరులో ఖాకీ బట్టలు కుట్టే కమాల్ బాషాకు యాభై ఎనిమిదేండ్లు. ఆరేండ్లుగా పనివాళ్ల పాతబట్టలు పోగేస్తున్నాడు. వచ్చే శుక్రవారం నుంచి మూడు రోజులు వాటిని జనానికి చూపించుకోమని ఊళ్లో ఒక కాలేజీవాళ్లు గది ఇచ్చారు. 'ఇనాయతుల్లా కోట్లు' అని కార్డులు అచ్చయ్యాయి. ఇనాయతుల్లా ఆయన తండ్రి. నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్లు ఉలి పెట్టుకునేందుకు వాలు జేబు కనిపెట్టి, ఆ జేబున్న కోట్లు వందల్లో కుట్టిన దర్జీ. తలనొప్పి ఎక్కడొచ్చిందంటే, ఆ వందల్లో ఒక్కటి కూడా కొడుకు దగ్గర లేదు. మిగిలిన ఒకే ఒక్క కోటు గురప్ప ఇంటి దిష్టిబొమ్మ తొడుక్కొని ఉంది. గురువారం గురప్ప కుటుంబం కొత్తింట్లో చేరుతుంది. ఆ పొద్దున్నే బొమ్మను దించి, మూడుదార్లు కలిసేచోట కోటుతో సహా కాల్చేస్తారు.

గురప్ప భార్య గంగులమ్మ ఆదివారం నాడు పెట్టిన షరతు ఒకటుంది. బొమ్మ ఒంటి మీద గుడ్డ మారిందని దిష్టికి తెలియకూడదు. కాబట్టి అచ్చం అట్లాంటి కోటే కుట్టుకొని రావాలి. అప్పుడే పాతది ఇస్తుంది.

మంగళవారం పొద్దున తొమ్మిదికి కమాల్ బాషా జమ్మలమడుగులో బస్సు దిగాడు. చంకలో గుడ్డసంచి, సంచిలో కొత్త కోటు. ఫోనులో తీసుకున్న ఫొటోను ఎదురుగా ఆనించుకొని సోమవారమంతా కూర్చొని కుట్టాడు. పాతకాలపు మందం డ్రిల్లు గుడ్డ కోసం ప్రొద్దుటూరు బజారంతా తిరిగినా దొరకలేదు. ఎన్నడో తెచ్చి మూల పడేసిన పలచని గుడ్డ తాను విప్పి రెండు పొరలు వేశాడు. జేబు దగ్గరికి వచ్చేసరికి అది మూడు పొరలైంది. మిషను సూదులు నాలుగు విరిగాయి. ఐదోది విరిగినప్పుడు ఆయన నోట్లోనుంచి వచ్చిన మాట ఇక్కడ రాసేది కాదు.

నలభై ఏండ్లలో పోలీసులకు కుట్టాడు, హోంగార్డులకు కుట్టాడు, బస్సు కండక్టర్లకు కుట్టాడు. గడ్డి మనిషికి కుట్టడం ఇదే మొదలు.

వీధి మలుపులోనే ఒకామె ఎదురొచ్చింది. చేతిలో మూడు పాతచీరలు మడతపెట్టి పట్టుకొని సిద్ధంగా ఉంది.

"యో, పాతగుడ్డలాయనా! ఈ మూడిటికీ ఏమిస్తావు? కుక్కరిస్తావా?"

"నేను సామాన్లాయన్ను కాదమ్మా."

"మొన్న ఆదివారం పాతగుడ్డ కావాల పాతగుడ్డ కావాలని ఈ వీధిలోనే తిరిగితివి గదా?"

"ఆ గుడ్డ వేరేలేమ్మా."

"గుడ్డలో వేరేందప్పా? సరే, కుక్కరొద్దు, స్టీలు బక్కెటియ్యి. ఈ నీలం చీర రెండేసార్లు కట్టినా."

"చీరలు నాకొద్దమ్మా. పనోళ్ల బట్టలైతే చెప్పు. మాసిపోయినా, చినిగిపోయినా ఫర్వాలేదు."

ఆమె ఆయన్ను కిందినుంచి మీది దాకా చూసింది. "మంచివి ఇస్తామంటే వద్దంటావు. చినిగినవి కావాలంటావు. మీ ఇంట్లో నీకు చెప్పేటోళ్లెవరూ లేరా నాయనా?"

లేకేం, ఉన్నారు. ఆరేండ్లుగా చెబుతూనే ఉన్నారు. మేడమీద గది నిండా పాతబట్టలు వేలాడుతుంటే చుట్టాలు లోపలికి రావడానికి జంకుతున్నారని భార్య చెబుతుంది. వాసన వస్తోందని అద్దెకున్నవాళ్లు చెబుతారు. కమాల్ బాషా ఎవరికని వివరించాలి? స్పిన్నింగ్ మిల్లు కార్మికుడి నిక్కరు జేబు తిరగేస్తే ఇప్పటికీ దూది రాలుతుందని చెబితే, దులిపెయ్యొచ్చు కదా అంటారు. మూటలు మోసే హమాలీ చొక్కా ఒక్క భుజం మీదే వెలుస్తుందని చూపిస్తే, మరి ఆ భుజానికి రంగు వేయించమంటారు. కువైట్‌లో వెల్డింగు పని చేసొచ్చిన ఉమైర్ అనే అతను ఇచ్చిన నీలం అంగీ ఛాతీ మీద నిప్పురవ్వలు పడి జల్లెడైంది. కడుపు దగ్గర ఒక్క బొక్క లేదు. వంగి పనిచేసిన మనిషి వాడు. ఇట్లా గుడ్డను చూసి, అది తొడుక్కున్నవాడు ఏ పక్కకు ఒరిగాడో, ఏ మోకాలి మీద కూర్చున్నాడో చెప్పగలడు కమాల్ బాషా. కొత్త చొక్కాను చూస్తే ఆయనకు ఏమీ తోచదు. అందులో ఇంకా ఎవరూ లేరు.

ఇదంతా స్టీలు బక్కెటు అడిగిన మనిషికి చెప్పే ఓపిక ఆయనకు లేదు. తప్పుకొని ముందుకు నడిచాడు. "ప్లాస్టిక్ చేటైనా ఇచ్చిపో!" అని వెనకనుంచి కేక వినబడింది.

గురప్ప కొత్తిల్లు వీధి చివర. బొమ్మ పైఅంతస్తు పిట్టగోడ నుంచి వేలాడుతోంది. తలకు బదులు బోర్లించిన కుండ, దాని మీద సున్నంతో కండ్లు, బొగ్గుతో మీసాలు. కాళ్లకు ఎవరిదో చినిగిన పంట్లాము. ఒంటి మీద కోటు. ఇల్లు మొదలుపెట్టిన నాటి నుంచి నాలుగేండ్ల ఎండకు ఖాకీ రంగు పోయి, గని దుమ్ము రంగు తేలింది. గాలికి ఒక చెయ్యి ముందరికి ఊగి, ఆగి, మళ్లీ ఊగుతోంది. కమాల్ బాషాకు ప్రాణం ఉసూరుమంది. ఒక్కో ఊపుకు భుజం కుట్టు ఎంత సాగుతుందో దర్జీకి తెలుసు.

గురప్ప ఇసుక కుప్ప మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. అరవై ఐదేండ్ల మనిషి. ఆయన చిన్నప్పుడు గొర్లుండేవి. తర్వాత తండ్రి నాపరాయి గనికి పోయాడు, ఆయన సేద్యంలోకి దిగాడు. మేస్త్రీ నాగేష్ గడప దగ్గర టైల్సు పరుస్తున్నాడు. గంగులమ్మ గోడలకు నీళ్లు కొడుతోంది.

"తెచ్చినావా?" అంది పైపు పక్కన పడేసి.

కమాల్ బాషా సంచిలోనుంచి కోటు తీసి, రెండు భుజాలూ పట్టుకొని విదిలించాడు. తాను కుట్టింది చూసుకున్నప్పుడల్లా కలిగే తృప్తి ఒకటి ముఖంలోకి వచ్చింది. అది అరనిమిషం కూడా నిలవలేదు. గంగులమ్మ తడిచేతులు చీర చెంగుకు తుడుచుకొని, కోటు అందుకొని, అటు తిప్పింది, ఇటు తిప్పింది, వాసన చూసింది.

"ఇది పెండ్లికొడుకు కోటు."

"ఏంది వదినా?"

"ఇస్త్రీ గూడా చేసినావే!"

"దర్జీని వదినా నేను. ఇస్త్రీ చెయ్యకుండా బట్ట బయటికిచ్చేది నాకు చేతగాదు."

"మా మామ ఇరవై ఏండ్లు ఎండలో రాయి చీల్చిన కోటది. దీన్ని తొడిగితే ఉన్న దిష్టి పొయ్యేది అట్లుండనీ, కొత్తది పుట్టుకొస్తాది. దావన పొయ్యే ప్రతోడూ 'ఏం కోటేసినార్రా బొమ్మకు' అని నోరు తెర్సుకొని చూస్తాడు."

గడప దగ్గర నుంచి నాగేష్ తలెత్తాడు. "ఆ కోటు నాకీ మామా. బొమ్మ బదులు నేనే పైన నిలబడతా. నెలకొక జీతమీండి సాలు."

"నీ పని నువ్వు చూడు నాగేషూ" అన్నాడు కమాల్ బాషా. తర్వాత గంగులమ్మ వైపు తిరిగి, గొంతు వీలైనంత తగ్గించుకున్నాడు. "వదినా, నువ్వేమడిగితివి? అచ్చం అట్లాంటి కోటంటివి. కొలతలు అవే. గుడ్డ దాదాపు అదే. బొత్తాలు అవే, కొయ్య బొత్తాలు, మా ఇంట్లో పాత డబ్బాలు మూడు కుమ్మరించి ఏరినా. కాలరు అదే. జేబు..."

"జేబు అది కాదు."

"జేబు ఎట్ల కాదు వదినా? జేబు గురించి నాకు చెప్పాకు. ఆ జేబు కనిపెట్టింది మా నాయన. నా చిన్నప్పటినుంచి ఆ కథ వింటాండా."

గంగులమ్మ మొగుడి వైపు చూసింది. గురప్ప బీడీ ఆర్పి, మిగిలిన ముక్కను చెవి మీద పెట్టుకొని, నిదానంగా లేచొచ్చాడు. ఈ ఇంట్లో ఎవరూ ఒక మాటను ఒకేసారి పూర్తిగా చెప్పరు. పిండుకోవాలి.

"బాషా, రాయి చీల్చేటోడు సుత్తి ఏ చేత్తో పడతాడు?"

"కుడిచేత్తో."

"ఉలి?"

కమాల్ బాషా గంగులమ్మ చేతిలోని కోటు వైపు చూశాడు. కొత్త కోటుకు వాలు జేబు కుడి పక్కన ఉంది. ఫొటోలో బొమ్మ చేతులు రెండు పక్కలా అడ్డం పడి జేబు ఎటుందో సరిగా కనపడలేదు. అయినా ఏముందిలే, తెలిసిందే కదా అని కుట్టేశాడు.

"కుడిచేతిలో సుత్తి ఉంటే ఉలి ఎడమచేత్తో తియ్యాల" అన్నాడు గురప్ప. "నువ్వు కుట్టిన జేబులోనుంచి ఉలి తియ్యాలంటే మా నాయన సుత్తిని నోట్లో పెట్టుకోవాల."

నాగేష్ టైలు కింద పెట్టి మరీ నవ్వాడు. కమాల్ బాషాకు చెవులు వేడెక్కాయి. అవును కదా. నలభై ఏండ్లుగా జేబులు కుడుతున్నాడు. పనివాళ్ల బట్టలు చూసి వాళ్ల ఒంటి తీరు చెబుతానని కాలేజీలో మాట్లాడబోతున్నాడు. తన ఇంటి జేబు ఏ పక్కన ఉంటుందో ఇప్పుడు ఒక గొర్ల ఇంటాయన చెబితే తెలుసుకుంటున్నాడు.

"సరే, తప్పే. నిచ్చెన వెయ్యి. ఎక్కి చూసి, ఆ ప్రకారమే మార్చి, ఈపొద్దే తొడిగేస్తా."

"ఈపొద్దా?" అంది గంగులమ్మ. "ఈపొద్దు మంగళారం."

"అయితే?"

"మంగళారం ఇంట్లో వస్తువు బయటికి పోదు."

"అది ఇంట్లో వస్తువు కాదు వదినా, ఇంటి బయట వేలాడతాండాది!"

"ఇంటిదే గదా."

కమాల్ బాషా రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని కాసేపు ఆకాశంలోకి చూశాడు. ఆకాశంలో బొమ్మ తప్ప ఏమీ కనపడలేదు. "చూసేదానికన్నా పనికొస్తానా, అదీ బుధవారమేనా?"

"చూసుకో. తాకాకు."

నాగేష్ నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి పట్టుకున్నాడు. కమాల్ బాషా చెప్పులు విడిచి, కళ్లద్దాలు సర్దుకొని, ఒక్కో మెట్టే ఎక్కాడు. పైకి పోయాక బొమ్మ నడుమూ ఆయన ముక్కూ ఎదురెదురుగా వచ్చాయి. గడ్డి వాసన, ఎండిన పావురాళ్ల రెట్ట వాసన. చేతులు వెనక్కి కట్టుకోలేడు కాబట్టి నిచ్చెనను రెండు చేతులా గట్టిగా పట్టుకొని, ముఖం మాత్రం ముందుకు సాచి చూశాడు.

జేబు ఎడమ పక్కనే ఉంది. మూతి ముందరి నుంచి వెనక్కి వాలింది. వంగినా ఉలి మొన కడుపు వైపు తిరగకుండా తొడ వారకు పడుకుంటుంది. ఎంత చక్కని పని! ఒక్క క్షణం ఆయనకు మంగళవారమూ, బక్కెటూ, నోట్లో సుత్తీ అన్నీ మరుపుకొచ్చాయి. మూడు పొరలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట మిషను కుట్టు లేదు. మైనం పట్టించిన దారంతో, అంచు చుట్టి చుట్టి, చేత్తో కుట్టిన కుట్టు. యాభై ఏండ్లయినా ఒక్క పోగు లేవలేదు. 'మిషను సూది విరిగే చోట నా చెయ్యి విరగదురా' అని తండ్రి చెప్పేవాడు. ఇదే ఆ చెయ్యి.

కండ్లు చెమర్చబోయి ఆగిపోయాయి. కుట్లు వాలాల్సిన పక్కకు కాక రెండో పక్కకు వాలి ఉన్నాయి.

కమాల్ బాషా కళ్లద్దాలు తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. కుడిచేతివాటం మనిషి అంచు చుట్టి కుడితే కుట్లన్నీ ఒక పక్కకు ఒరుగుతాయి. మొదలు కుడి చివర, ముగింపు ఎడమ చివర. దారం తెంచేముందు మూడుసార్లు తిప్పి వేసే గట్టికుట్టు ఎడమ చివరే పడాలి. ఇక్కడ అది కుడి చివర పడింది. కుట్లన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఎడమచేతివాటం మనిషి కుట్టిన కుట్టు. దర్జీపని నేర్చుకునే వాడికి కూడా తెలిసే సంగతి.

ఇనాయతుల్లా కుడిచేత్తో తినేవాడు, కుడిచేత్తో కత్తిరించేవాడు, కొడుకును కొట్టింది కూడా కుడిచేత్తోనే.

"వదినా!" అన్నాడు పైనుంచి. "ఈ జేబు మధ్యలో చినిగితే ఎవరితోనన్నా మళ్లీ కుట్టించినారా?"

"లేదు. మామ కోటు మీద ఇంకొకరి సూది పడలే."

"ఇది ఎడమచేత్తో కుట్టింది."

"అవును" అన్నాడు గురప్ప కింద నుంచి, ఈరోజు ఎండగా ఉందన్నంత మామూలుగా. "ఆయమ్మది ఎడమచెయ్యి గదా."

"ఏ ఆయమ్మ?"

"మీ నాయన చెల్లెలు. పులివెందలకిచ్చినారే."

"హఫీజా" అంది గంగులమ్మ.

నిచ్చెన ఊగింది. నాగేష్ "మామా, పైలం!" అని అరిచాడు. కమాల్ బాషా ఎట్లా దిగాడో ఆయనకే తెలియదు. ఇసుక కుప్ప పక్కన నిలబడేసరికి చెప్పులు కూడా వేసుకోలేదు. కాళ్లు కాలుతున్న సంగతి తర్వాత తెలిసింది.

"గురప్పన్నా, మొన్న ఆదివారం నీ ముందర గంటన్నర కూర్చుంటి. ఆ గంటన్నరా మా నాయన గురించే చెప్తి. మా నాయన ఆ జేబు ఎట్ల కనిపెట్టినాడో, ఎన్ని రోజులు ఆలోచన చేసినాడో అంతా చెప్తి. ఒక్క మాట చెప్పకపోతివే!"

"నువ్వడిగితివా?"

"అడగాల్నా?"

"నువ్వు చెప్పుకుంటా పోతివి, నేను వినుకుంటా పోతి. సచ్చిపోయిన నాయన గురించి కండ్లనీళ్లు పెట్టుకొని చెప్తాండావు. నడమధ్యన అడ్డంపడి, అది మీ నాయన కాదప్పా అంటే బాగుంటాదా? తర్వాత చెప్దాంలే అనుకున్నా. టీ వచ్చె. మర్సిపోతి."

టీ వచ్చె! కమాల్ బాషాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడలు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"నువ్వు చూసినావా నీ కండ్లతో?"

"చూసినా. పన్నెండేండ్లోన్ని. మా నాయన కోటు కుట్టించుకునేదానికి ప్రొద్దుటూరుకు పోతా నన్ను గూడా పిల్చకపోయినాడు. మీ నాయన అంగట్లో మిషను తొక్కుతాండె. జేబు కొలత లోపల తీస్తారు పో అని వసారాలోకి పంపిచ్చె. ఆడ పరదా ఉండె. పరదా పక్కనుంచి ఒక ఎడమచెయ్యి బయటికొచ్చె, సుద్దముక్క పట్టుకొని. మనిషి కనపల్లే. ఉలి నడుముకు ఆనిచ్చుకో అనె. కూర్చో అనె. వంగు అనె. లెయ్యి అనె. మా నాయన పదిసార్లు గుంజిళ్లు తీసినాడు ఆ పరదా ముందర. నేను నవ్వితే నెత్తిన మొట్టినాడు. మళ్లీ ఆ చెయ్యి వచ్చి, కోటు మీద వాలుగా ఒక గీత గీసి లోపలికి పాయె."

కమాల్ బాషా ఇసుక మీద కూర్చున్నాడు. ఆ వసారా ఆయనకు తెలుసు. ఆ పరదా తెలుసు. తనకు ఏడెనిమిదేండ్లు ఉన్నప్పుడు అత్త పెండ్లై పోయింది. అన్నం దగ్గర అవ్వ గరిటె తిప్పి అత్త వేళ్ల మీద కొట్టడం, ఆమె ఎడమచెయ్యి ముడుచుకొని చంకలో పెట్టుకోవడం, ఒక్కటే గుర్తుంది. ఎందుకు కొట్టేదో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత రెండేండ్లకు అన్నాచెల్లెండ్లకు మాటలు పోయాయి. ఎందుకు పోయాయో అడిగితే తండ్రి మిషను ఇంకా గట్టిగా తొక్కేవాడు. తండ్రి చనిపోయిన రోజు ఆమె వచ్చి, వాకిట్లోనే కాసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

"ఇదో, బాషా" అంది గంగులమ్మ. ఆమె గొంతులో మొదటిసారి ఎగతాళి లేదు. "దిష్టిబొమ్మ దిష్టిబొమ్మ అని మీరంతా అంటారు. నాకు మాత్రం మా మామే నిలబడి ఇంటికి కాపలా కాస్తాండట్లుంటాది. ఆయన బతికున్నన్నాళ్లు ఈ కోటు తొడిగినప్పుడల్లా ఆయమ్మ చెయ్యి సల్లగుండాలని అనేటోడు. మీ నాయన పేరు ఒక్కనాడు చెప్పలే. ఇప్పుడు మీరు గది పెట్టి, బోర్డు పెట్టి, ఇంకొకరి పేరు రాస్తారంట. మా మామ వింటే ఏమంటాడు?"

"నాకు తెలిస్తే కదా వదినా!"

"ఇప్పుడు తెలిసె గదా. రేపు బుధారం రా. నీ కొత్త కోటు జేబు మార్చుకొని తీసకరా. నాగేష్‌కు చెప్పి నాలుగుసార్లు మట్టిలో పొర్లిస్తాంలే, పెండ్లికళ పోయేదాకా. దాంతో పాటు, గదిలో కోటు పక్కన పెట్టే అట్ట గూడా రాసుకొని రా. దాంట్లో ఆయమ్మ పేరుంటే పాతది నీది. మీ నాయన పేరే ఉంటే గురువారం బొమ్మతో పాటు కాలిపోతాది. నాకు సదువు రాదనుకోవాకు. నాగేష్ సదువుతాడు."

"పదో తరగతి మామా" అన్నాడు నాగేష్, గుండె మీద చెయ్యి పెట్టుకొని.

ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చున్నాడో లేదో కూతురు ఫాయిజా ఫోను. ఆ కాలేజీలోనే ఆమె కామర్సు లెక్చరరు. గది ఇప్పించింది ఆమే. తండ్రిని అబ్బా అని, తాతను దాదా అని పిలుస్తుంది.

"అబ్బా, కోటు వచ్చిందా?"

"రేపు."

"రేపేంది? ఈపొద్దన్నావు కదా."

"ఈపొద్దు మంగళవారం."

"మంగళవారమని నీకు పొద్దున తెలీదా? సర్లే. గేటు మీద ఫ్లెక్సీ కట్టేసినారు. దాదా ఫొటో ఎంత బాగా వచ్చిందో తెల్సా! కార్డులు మూడొందలూ పంచేసినాం."

కమాల్ బాషా కండ్లు మూసుకున్నాడు. "ఫాయిజా, ఆ ఫ్లెక్సీ కొంచెం దించమను."

"ఎందుకు?"

"పేరు... మారొచ్చు."

క్లాసులో ఆఖరి బెంచీవాళ్లతో మాట్లాడే గొంతుతో, "అబ్బా, నువ్వు యాడుండావో అక్కడ దిగి, ఏమన్నా తిని, మళ్లీ ఫోన్ చెయ్యి" అని పెట్టేసింది.

ఆయనకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. గురప్ప చెప్పింది నిజమే అయ్యుంటుంది, కుట్లే సాక్ష్యం. అయినా పన్నెండేండ్ల పిల్లవాడు చూసిన ఒక చేతిని నమ్ముకొని, మట్టిలో ఉన్న తండ్రి పేరు కొట్టెయ్యడం ఎట్లా? తండ్రి అబద్ధమాడాడా? చెల్లెలి పని తనదని చెప్పుకొని బతికాడా? అందుకే ఆమె మాటలు మానేసిందా? నిజం తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు. ఆమె నోటితో ఔనంటే చాలు. ఫ్లెక్సీ తనే దించుతాడు, అట్ట తనే రాస్తాడు, మూడొందల మందికి తనే చెప్పుకుంటాడు. యాభై ఏండ్ల కిందటే రావాల్సిన పేరు ఇప్పుడు ఇస్తానంటే ఎవరు కాదంటారు? పులివెందులలో బస్సు దిగేటప్పటికి ఆ మాట మనసులో గట్టిపడి, కొంచెం ధైర్యం కూడా ఇచ్చింది.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. డెబ్బై దాటిన హఫీజా గడపలో కూర్చొని చేటలో కందిబేడలు ఏరుతోంది. రాళ్లు తీసి పారేస్తున్నది ఎడమచెయ్యి. కమాల్ బాషా ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

మేనత్తను వాళ్లిండ్లలో ఫుప్పు అంటారు. "ఫుప్పూ" అని, సలాం చెప్పి, ఇంటి మాటలో, ఉర్దూలో కుశలం అడిగాడు. ఆమె తలెత్తి, గుర్తుపట్టి, తెలుగులో బదులిచ్చింది, బజారులో ఎవరో బేరానికి వస్తే మాట్లాడినట్టు.

"బాగుండా. ఏం పనిమీదొస్తివి?"

కూర్చోమనలేదు. ఆయనా ఇంక తెలుగులోనే మాట్లాడాడు. చెప్పాల్సింది గడగడా చెప్పేశాడు. చెబుతూనే ఫోనులో ఫొటో తీసి ముందర పెట్టాడు.

ఆమె చేట కింద పెట్టింది. ఫోను అందుకొని, దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూసింది. బొమ్మ తలకాయ గురించి గానీ, మీసాల గురించి గానీ ఒక్క మాట అనలేదు.

"ఇంగా ఉండాదా ఇది?" అంది. ఆ గొంతు అంతకుముందు మాట్లాడిన గొంతు కాదు.

"ఉంది ఫుప్పూ. ఒక్క పోగు లేవలేదు. నువ్వే కుట్టినావు కదా?"

ఆమె ఫోను వెనక్కి ఇచ్చి, మళ్లీ చేట ఒడిలోకి తీసుకుంది. ఎడమచెయ్యి ఒక రాయిని ఏరి వీధిలోకి విసిరింది.

"కార్డులు తప్పు పడినాయి. నాకు తెలియక. శుక్రవారం గదిలో నీ పేరు రాయిస్తా, అందరికీ కనపడేటట్ల" అన్నాడు కమాల్ బాషా. "నువ్వొస్తే బండి పంపిస్తా. నువ్వే చెప్పొచ్చు."

"మీ నాయన పేరే ఉండనీ."

"అది నిజం కాదు కదా ఫుప్పూ. పైగా ఆయన పేరు పెడితే గురప్ప భార్య ఆ కోటు కాల్చేస్తానంటాంది."

"నా పేరు పెట్టినావంటే ఆయమ్మకు ఆ కష్టం లేదు. నేనే వచ్చి కాలుస్తా."

కమాల్ బాషాకు పొద్దుటి నుంచి అణుచుకున్న విసుగంతా ఒక్కసారి పైకి పొంగింది. "మీకందరికీ ఏమైంది? నాయన చెప్పలే, గురప్ప చెప్పలే, నువ్వూ చెప్పవు! మా నాయన నీ పని తీసుకొని తన పేరు చెప్పుకున్నాడని కోపమా? ఆ కోపముంటే ఇప్పుడన్నా పేరు తీసుకో! ఇస్తామంటే వద్దంటావేంది?"

"మీ నాయన నా పని దొంగిలిచ్చినాడని ఎవరు చెప్పినారు నీకు?" ఆమె కండ్లు మొదటిసారి ఆయన కండ్లలోకి చూశాయి. "నా పేరు యాడా రాకూడదని మా అన్న చేత ఒట్టు పెట్టించుకున్నది నేను. పాపం, సచ్చేదాకా నిలబెట్టుకున్నాడు."

"ఎందుకు ఫుప్పూ?"

హఫీజా చేట పట్టుకొని లేచింది. గడప దాటి లోపలికి పోయి, తలుపు రెక్క మీద చెయ్యి వేసి ఆగింది.

"వాలు జేబు నేను మొదట కుట్టింది గురప్ప నాయన కోటుకు కాదు, రాళ్లు కొట్టే ఇంకెవరి కోటుకూ కాదు. ఎవరి కోటుకో, దాంట్లో ఏం పెట్టేదానికో తెలిస్తే" అంది, "నా పేరే కాదు కమాలూ, మీ నాయన పేరు గూడా నువ్వు ఆ అట్ట మీద రాయవు."

లోపల గొళ్లెం పడింది.